పాత నూనె వాసన

తొంభైల చివర్లో మా బాపు గుండె రక్తనాళంలో స్ప్రింగులాంటి స్టెంటు వేయించుకుని హైదరాబాద్ నుంచి ఆర్మూరు తిరిగొచ్చాడు. నెల తిరక్కుండానే మార్కెట్లో తన పసుపు కమీషన్ దుకాణంలో కూర్చున్నాడు. ముఖం నిగనిగలాడుతోందని చూసినవాళ్లంతా అన్నారు. నాకూ ధైర్యం వచ్చింది. బాపు మాత్రం, "పాలిష్ పట్టినంక పుచ్చు పసుపుకొమ్ము గూడ మెరుస్తది" అన్నాడు.

కొమ్ము విరిచి వాసన చూడనిదే ఆయన ఏ కుప్పకూ ధర పలికించేవాడు కాదు. ఆ ముక్కుకు ఇప్పుడు పాత నూనె వాసన పట్టుకుంది. మొదట కూరలో అన్నాడు. అమ్మ నూనె డబ్బా మార్చింది. తర్వాత మంచినీళ్లలో అన్నాడు, ఉతికిన తువ్వాలులో అన్నాడు. అమ్మకూ నాకూ ఏ వాసనా రాలేదు. నాకసలే ముక్కు మీద కోపం. "చాదస్తం" అని కసిరాను. కానీ ఆయన గాలి పీల్చి చూసిన ప్రతిసారీ ఇంట్లో మాటలు ఆగిపోయేవి. నాకు భయమేసేది.

ఒక పొద్దున దుకాణంలో బాపు, నందిపేట్ రైతు తెచ్చిన కొమ్ము విరిచి మొహం చిట్లించాడు.

"గిదేంది, నూనె వాసనొస్తున్నది?"

"నూనె యాడిది సేటూ? నిన్ననే సంచులు నింపిన." రైతుకు కోపమొచ్చింది.

పక్కనే ఉన్న నేనూ వాసన చూశాను. కొత్త పసుపు, ఘాటుగా ఉంది. బాపు ముక్కలు కింద పెట్టి, తన అరచేయి ముక్కుకు ఆనించుకున్నాడు.

"నీ మాల్ మంచిదేనే. వాసన నాది" అన్నాడు.

ఆ వారమే ఛాతీలో నొప్పి వచ్చింది. హైదరాబాద్‌లో చూస్తే స్టెంటు వేసిన చోటే నాళం మళ్లీ సన్నబడింది. బెలూనుతో వెడల్పు చేశారు. వాసన సంగతి చెబితే డాక్టరు నవ్వాడు. "గాలి తగిలి డబ్బాలో నూనె చెడిపోయినట్టే రక్తంలో కొవ్వు కూడా చెడుతుంది. నాళం మళ్లీ మూసుకుపోతుందో లేదో ఆ చెడిన కొవ్వును బట్టి ముందే చెప్పొచ్చా అని పరిశోధనలు చేస్తున్నారు. ఇంకా తేలలేదు. ముక్కుకైతే అది దొరకదు." ఆయన మాటే నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను.

ఇంటికొచ్చాక వాసన పోయింది. మళ్లీ నవ్వుకుంటూ తిన్నాం. వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, బాపు కలిపిన ముద్దను నోటి దాకా తెచ్చి ఆపాడు. మేమూ ఆగాం. ముద్దను మెల్లగా కంచంలో పెట్టేశాడు.

"ఏం లేదు, తినుండ్రి."

నేను తిన్నాను. అమ్మ చేయి కడుక్కుని, హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లిన సంచిని అటక మీంచి దించి, ఆయన బట్టలు సర్దడం మొదలుపెట్టింది.