‘టపా కట్టడం’ నేర్పిన మాస్టారు

నా తెలివితక్కువతనంతోనే మొదలుపెట్టాలి. తెనాలిలో మా తెలుగు మాస్టారు కన్నుమూశారని గురువారం పొద్దున సెల్‌ఫోన్‌లో కబురు చదివాను. ఆ దుఃఖంలోనూ ముందు గుర్తొచ్చింది ఆయన పాండిత్యం కాదు, నా అజ్ఞానం.

చనిపోవడాన్ని సరదాగా ‘టపా కట్టడం’ అంటాం కదా. అది ‘తపస్సు’లోంచి పుట్టిందని, సమాధిస్థితికి సంకేతమని ఓ పత్రికలో వ్యాసం రాసేశాను. పదసేకరణే జీవితవ్రతంగా బతికిన మాస్టారు అది చదివి పిలిపించారు.

“ఎవర్ని అడిగి రాశావోయ్?”

“ఎవర్నీ లేదండి. కూర్చుని ఆలోచించానండి.”

“కూర్చుంటే నీకు నిద్రొస్తుంది, వ్యుత్పత్తి రాదు. పద.”

మాట వాడేవాళ్ల గుమ్మంలోకి వెళ్లి చెవులారా వినందే చీటీ మీద రాయకపోవడం ఆయన నియమం. రేపల్లె పాసింజర్ ఎక్కించి, రిటైరైన ఓ టపా ఉద్యోగి ఇంటికి తీసుకెళ్లారు. ఆయన మా చేతిసంచీనే మెలిపెట్టి చూపించాడు. “టపా అంటే తపాలానే కదండీ. ఉత్తరాల సంచి మూతికి లక్కముద్ర వేసి టపా కట్టేశామంటే, కలెక్టరుగారి కవరైనా లోపలికి పోదండి. ఇక బండెక్కడమే. మావాళ్లెవరన్నా పోతే ఇదే మాట అనుకునేవాళ్లం.” నేను ఉబ్బిపోయాను. మాస్టారు మాత్రం “ఒక సాక్షి. ఇదే పుట్టుకని ఒట్టేయను” అన్నారు.

మరుసటి వారం బాపట్ల. మిషన్ బళ్లో పనిచేసిన టీచరమ్మగారు చెప్పారు: “మా ఆయన పోయినప్పుడు చర్చిలో ‘ప్రభువునందు నిద్రించారు’ అన్నారండి. ఆయనతో పేకాడే ముగ్గురూ గుమ్మంలో నిలబడి ‘టపా కట్టేశాడమ్మా మావోడు’ అని భోరుమన్నారు. అప్పటిదాకా రాని ఏడుపు నాకు ఆ మాటకొచ్చింది.”

తిరుగు రైల్లో అడిగాను. “అయితే చనువున్నవాళ్ల మాటన్నమాట. మీ గురించి నేననొచ్చాండి?”

“నా దగ్గర నీకంత చనువెక్కడిదోయ్? మాటకో ‘అండి’ తగిలిస్తావు!”

నవ్వేశాను గానీ, అది కొన్నేళ్లపాటు గుచ్చుకుంటూనే ఉంది.

కర్మకాండ అయ్యాక మాస్టారి అమ్మాయి చీటీల పెట్టె నా చేతికిచ్చింది. “నాన్న మీకే ఇమ్మన్నారన్నయ్యా.” ‘టపా’ చీటీ వెతికాను. రేపల్లె అర్థం, బాపట్ల అర్థం, అడుగున ఎర్రసిరాతో నా తపస్సు: “శిష్యుడి కల్పన. తప్పు. నవ్వుకోవడానికి ఉంచాను.” పాఠకులు ఎప్పుడో మరిచిన నా ఘనకార్యాన్ని మాస్టారు చిరస్థాయి చేశారు!

ఇతరుల మాటను అంత వినయంగా ఆలకించిన శబ్దతపస్వి మా ప్రాంతానికి మళ్లీ దొరకరు. పెట్టెకు నమస్కరించాను. ఆ వెంటనే కలం తీసి, ‘ప్రయోగం’ అని రాసి, ఉదాహరణ వాక్యం కోసం ఆయన వదిలిన ఖాళీలో పగ తీర్చుకున్నాను:

‘మా మాస్టారు టపా కట్టేశాడు.’