షిఫ్టు డ్యూటీల ఇంట్లో చిలుక

మా నాన్నది స్టీలు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. సి షిఫ్టు వారం వస్తే రాత్రంతా పనిచేసి పొద్దున్నే వచ్చి, కిటికీలకు దుప్పట్లు కట్టుకుని పడుకునేవాడు. ఆ వారమంతా గాజువాకలోని మా రెండు గదుల ఇంట్లో గిన్నె చప్పుడైతే తప్పు, దగ్గొస్తే తప్పు. దొరగారి నిద్ర చెడకూడదు. అమ్మ సైగలతోనే పగలు గడిపేది. నేను కాలేజీకి పోతే ఆ సైగలు చూసే దిక్కు కూడా ఉండేది కాదు. అలాంటి మనిషి పెళ్లయిన ఇన్నేళ్లకు నోరు తెరిచి అడిగింది ఒక్కటే, మాట్లాడే చిలుక.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. మల్కాపురంలో ఒకాయన ఇంటి వెనకే పిట్టల్ని పెంచి అమ్ముతాడని విని ముగ్గురం వెళ్లాం. రామచిలుక కావాలంటే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అడివి సిలకల్ని అమ్మకూడదమ్మా. కేసవుతాది. కేసు లేకపోయినా నాను ఆ పని సెయ్యను. ఇవి ఇక్కడే గూట్లో పుట్టినవి."

చూపించింది బూడిదరంగు పిట్ట, పైదేశపు చిలుక జాతిదట. నెత్తిన పసుపు జుట్టు, బుగ్గల మీద నారింజ మచ్చలు. ఇదేం చిలుక అని నేను మొహం చిట్లించాను. అది అమ్మ వేలెక్కి గాజు కొరికింది. అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు వినలేదు.

ఇచ్చేముందు ఆయన వేసిన ప్రశ్నలకు నాకు విసుగొచ్చింది. పగలు ఇంట్లో ఎవరుంటారు, పిల్లి ఉందా, పంజరం ఎక్కడ పెడతారు. చివరికి నాన్న వైపు తిరిగి, "పొద్దున్నా సాయంత్రం అరుస్తాది సార్. షిఫ్టులంటన్నారు, పర్లేదా?" అన్నాడు.

"నాకేటి ఇబ్బంది?" అన్నాడు నాన్న దర్జాగా.

ఎప్పుడైనా పెంచలేకపోతే ఇంకెవరికీ ఇవ్వొద్దు, నాకే తెచ్చిచ్చేయండి అని మరీ మరీ చెప్పి పంపాడాయన.

తర్వాతి సి షిఫ్టుకే ఆ దర్జా కాస్తా దిగిపోయింది. పిట్ట ఈల వేయగానే నాన్న లేచి పంజరం మీద నల్ల రగ్గు కప్పేశాడు. ఆయన నిద్ర లేచేదాకా అది తీయకూడదు. అమ్మ రగ్గు కింద చెయ్యి పెట్టి కూర్చునేది. ఇద్దరికిద్దరూ నోరెత్తకుండా. కొన్నాళ్లకు పిట్ట రొమ్ము మీది ఈకలు తనే పీక్కోవడం మొదలెట్టింది. డాక్టరుకి చూపిద్దామంటే నాన్న, "పిట్టకి ఆస్పత్రేటి?" అన్నాడు.

ఒకరోజు అమ్మా నేనూ బజారుకెళ్లి వచ్చేసరికి పంజరం లేదు.

"ఇచ్చీసినాను. తెచ్చియ్యమని ఆడే సెప్పినాడు కదేటి," అని నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒక పెద్దమనిషి మంచికి చెప్పిన మాట ఆయనకు ఎంత బాగా పనికొచ్చిందో! ఇప్పుడు తలచుకున్నా ఒళ్లు మండుతుంది.

అమ్మ మళ్లీ చెప్పులేసుకుంది. నేనూ వెంట వెళ్లాను. మల్కాపురంలో పిట్ట ఎండ పడే గూట్లో ఉంది. అమ్మను చూడగానే కమ్మీల దగ్గరకొచ్చి ఈల వేసింది. తిరిగి ఇచ్చేయమని అమ్మ బతిమాలింది. ఆయనకు జాలేసింది కానీ ఇవ్వలేదు.

"నీ తప్పు కాదమ్మా. దాని రొమ్ము సూడు, ఎలాగైపోయిందో. ఆయన డ్యూటీలు మారతాయా? ఇంకో గదుందా? పిట్ట బతికే ఇల్లు కాదమ్మా అది."

అమ్మ కమ్మీల సందున వేలు పెట్టింది. ఏడవలేదు, కోప్పడలేదు.

"పిట్టనియ్యడానికి ఇన్నడుగుతన్నావు బాబూ," అంది. "నన్నిచ్చినపుడు మా అయ్య ఉజ్జోగం పర్మనెంటేనా అని ఒక్కటే అడిగినాడు."

నాన్న లేచే వేళవుతోందని అమ్మే ముందుగా వెళ్లి ఆటో ఎక్కింది.