రెండు డబ్బాలు, ఒక సన్నని కూత

నిన్న సాయంత్రం మా అమ్మాయి స్పీకర్ ముందు నిలబడి ముఖం చిట్లించింది. "అమ్మా, గీ కొత్త డబ్బాల సన్నగ కూత వస్తుంది. నీకు ఇనవడ్తలేదా?" అంది. కంప్యూటర్‌లో అంకెలుగా దాగి ఉన్న పాటను మళ్ళీ శబ్దంగా మార్చి స్పీకర్లకు అందించే చిన్న పెట్టె అది. డ్యాక్ అంటారు. ఇంట్లో ఉన్నది పాడైపోతే, ఇంకోటి ఎంచుకుందామని రెండు తెప్పించాను. స్పీకర్ జాలీకి చెవి ఆనించాను. పాత గుడ్డ వాసన తగిలింది, కూత మాత్రం తగల్లేదు. "ఆఁ, వస్తుంది" అనే మాట నోటిదాకా వచ్చింది. ఊరందరి చెవులు పరీక్షించి బతికేదాన్ని, ఆ మాట అనబోయాను. రాజమల్లు సార్ ఉంటే నా వీపు చిట్లగొట్టేవారు.

కరీంనగర్ బస్టాండు దగ్గర ఆయనకు వినికిడి పరీక్షల కేంద్రం ఉండేది. నేను మొదట అక్కడికి వెళ్ళింది మా బాపును తీసుకుని. బాపు సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బతుకంతా పనిచేసి చెవులు పోగొట్టుకున్నవాడు. శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కాలి, నొక్కితే సార్ ముందున్న మిషన్ మీద దీపం వెలుగుతుంది. బాపు సార్ ముఖమే చూస్తూ, ఆయన చెయ్యి కదిలినప్పుడల్లా నొక్కుతున్నాడు. సార్ లేచి వచ్చి కుర్చీని గోడ వైపు తిప్పేశారు. ఆ తర్వాత దీపం వెలగలేదు. "ఇనవడకపోతే ఇనవడలే అను మల్లేశం. అండ్ల చిన్నతనం ఏమున్నది? అబద్ధం జెప్తే పరేషాన్ అయ్యేది నువ్వే" అని బయట బెంచీ మీద ఉన్నవాళ్ళకూ వినబడేట్టు బాపు చెవి దగ్గర అరిచారు. బస్సులో బాపు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మా బాపును అంతమందిలో అట్లా అన్నందుకు ఆ మనిషి మీద నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఆ వినికిడి పరీక్షల చదువే చదివి, ఆయన దగ్గరే పనికి కుదిరాను.

కోపిష్టి. తప్పు చేస్తే రోగుల ముందే కడిగేసేవారు. కానీ పిల్లల చెవి మిషన్ల విషయంలో ఆయనంత జాగ్రత్త నేనెక్కడా చూడలేదు. ప్రతి మిషన్‌నూ ఒక రబ్బరు గొట్టంతో తన చెవికి పెట్టుకుని విన్నాకే పిల్లలకు ఇచ్చేవారు. ఒక శనివారం జైనూర్ నుంచి ఒక తల్లి తన పాపను తీసుకుని మళ్ళీ వచ్చింది. పాప మిషన్‌ను పీకి పారేస్తోందట. "సన్నగ కూస్తుంది సార్" అంది తల్లి. సార్ గొట్టం పెట్టుకుని విన్నారు. "ఏం కూస్తలేదు. కొత్తల అట్లనే అనిపిస్తది. అలవాటు చెయ్యి, సోమవారం తీస్కరా" అన్నారు. సార్ విన్నాక నేను వినేదేముందని నేను పక్క గదిలోంచి బయటికి కూడా రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం సార్ ఇంటికి రమ్మన్నారు. ఆయనకు పాటల పిచ్చి. హైదరాబాద్ దుకాణం వాళ్ళు రెండు డ్యాక్‌లు విని చూసుకొమ్మని ఇచ్చారు. ఒకటి కంప్యూటర్ నుంచే కరెంటు తీసుకుంటుంది, ఇంకోటి దాని అడాప్టర్‌తో నడుస్తుంది. పేరు చూసి మోసపోవద్దని రెండింటి మీదా తువ్వాల కప్పించారు. "గట్టిగ మోగేదే మంచిదనిపిస్తది బిడ్డా, గా మోసంల పడొద్దు" అంటూ రెండింటి సౌండునూ సమానం చేయించారు. వేములవాడ జాతరలో తానే రికార్డు చేసుకున్న ఒగ్గు కథ పెట్టి, కళ్ళు మూసుకున్నారు. నేను స్విచ్ మారుస్తున్నాను. మొదటిది బాగుంది. రెండోదానికి మార్చగానే డోలు దెబ్బకూ దెబ్బకూ మధ్య సన్నని కూత, సూదిలాగా. నా పళ్ళు జిల్లుమన్నాయి.

"గిదే!" అన్నారు సార్ కళ్ళు తెరిచి. "ఎంత సాఫ్‌గ ఉన్నది! చప్పుడే లేదు."

సన్నని కూత సార్ చెవికి అందడమే లేదు. జైనూర్ పాప గుర్తొచ్చింది. తల్లి చెప్పిన కూత కూడా ఇలాంటిదే అయి ఉంటుంది. రేపు ఆయన మళ్ళీ గొట్టం పెట్టుకుని "మంచిగున్నది" అంటారు. పాప మళ్ళీ పీకి పారేస్తుంది. మాటలు నేర్వాల్సిన వయసు అట్లా గడిచిపోతుంది. చాయ్ పోసుకొస్తానని వంటింట్లోకి వెళితే, సార్ భార్య పద్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నాకు ఈడిదాక ఇనవడుతుంది బిడ్డా. జెప్పకు. చెవుల మీదనే బతికిన మనిషి, తట్టుకోడు" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు. కప్పులు తెచ్చి సార్ ముందు పెట్టాను.

"సార్, దాంట్ల కూత వస్తుంది."

"ఏం కూత?"

"సన్నగ. ఇప్పుడు గూడ వస్తుంది."

"నీ చెవులల్లనే ఉన్నదేమో" అని గద్దించారు. నేను తలవంచుకున్నాను, కానీ మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన పద్మమ్మ వైపు చూశారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సార్ చెయ్యి చాచి పాట ఆపేశారు. "పాప మిషన్ గూడ కూసిందా?" అన్నారు మెల్లగా.

"నేను ఇనలేదు సార్. వాళ్ళమ్మ అయితే జెప్పింది."

సోమవారం పొద్దున్నే, రోగులు రాకముందే, ఆయన పరీక్ష గదిలోకి వెళ్ళి రోగుల కుర్చీని తన చేత్తోనే గోడ వైపు తిప్పుకుని కూర్చున్నారు. నేను మిషన్ ముందు కూర్చున్నాను. ఏ శబ్దం తర్వాత ఏది వస్తుందో, ఎంత ఆగితే వస్తుందో ఆయనకు కంఠతా వచ్చు. వినబడకపోయినా లెక్కగా నొక్కి నన్ను నమ్మించగలరు. లావు శబ్దాలకు దీపం వెలిగింది. సన్నవి మొదలుపెట్టాను. వెలగలేదు. ఇంకాస్త పెంచాను. వెలగలేదు. నొక్కండి సార్, ఒక్కసారి నొక్కండి అని లోపల మొక్కుకున్నాను. ఆయన బొటనవేలు బటన్ మీదే ఉంది. కదల్లేదు.

బయటికి వచ్చేసరికి జైనూర్ తల్లి బెంచీ మీద కూర్చుని ఉంది. అందరూ వింటుండగా సార్ ఆమె ముందు నిలబడ్డారు. "నువ్వు జెప్పిందే నిజం అమ్మా. కూత నాకే ఇనవడలే" అన్నారు. గొట్టం తీసి నా మెడలో వేశారు. పాప మిషన్ నిజంగానే కూస్తోంది, చెవిలో పెట్టే అచ్చు వదులైంది. ఆ రోజు నుంచి పిల్లల మిషన్లు ఆయన ముట్టుకోలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు, "కూత రాని డబ్బనే ఉంచు. నాకు ఇనవడకపోతేంది, మా పద్మకు ఇనవడుతది గదా" అన్నారు.

సార్ పోయాక పద్మమ్మ ఆ డబ్బా నాకిచ్చింది. ఇప్పుడు పాడైంది అదే. నిన్న మా అమ్మాయి జవాబు కోసం నన్నే చూస్తూ నిలబడింది. "నాకు ఇనవడ్తలేదు బిడ్డా" అన్నాను. అనడానికి ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఈ పొద్దున కేంద్రంలో, నా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయిని మిషన్ ముందు కూర్చోబెట్టి, రోగుల కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాను.