పరదా వెనక పరీక్ష

ఇప్పుడు కడపలో ఉంటున్న మా పెద్దన్న ఇంటికి మొన్న వెళ్తే, గుమ్మంలోనే నోటి మీద వేలుపెట్టి నన్ను ఆపేశాడు. హాల్లో ఆయన మనవరాలు కంప్యూటరు ముందు కూర్చుని, తెర మీది మేష్టారు అడిగే ప్రశ్నలకు ఇంగ్లీషులో గడగడా జవాబులు చెబుతోంది. పాపకు ఆన్‌లైన్‌లో పరీక్ష అని టీవీ కట్టేసి, వంటింట్లో గిన్నెలు కదపొద్దని చెప్పి, డెబ్బై దాటిన మనిషి మునివేళ్ల మీద నడుస్తున్నాడు. ఇంకెవరైనా అయితే ముచ్చటపడేవారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, రెండువేలు దాటిన కొత్తలో మన వైపు ఇంటర్నెట్ అనేది ఇళ్లలో ఉండేది కాదు, నెట్ సెంటరుకు పోవాల్సిందే. ప్లైవుడ్ చెక్కల గదులు, ఒక్కో గదికి ఒక పరదా, లోపల ఒక కంప్యూటరు, గాలి రాని ఫ్యాను. ఆ పరదాల వెనక కుర్రకారు ఏం చూస్తుంటారో ఊరందరికీ తెలుసు గనక ఆడపిల్ల ఆ మెట్లెక్కితే చాలు చెవులు కొరుక్కునేవారు. అలాంటిచోటికి నాలాగా నలభై దాటిన, భర్త పోయిన ఆడది, అదీ కర్నూలు పాతబస్తీలో పెద్ద అంగడి ఉన్నవాళ్ల ఇంటిది, రోజూ సాయంత్రం వెళ్లి కూర్చుంటే ఇక చెప్పాలా.

మా ఆయన పోయాక ఆయన ఉద్యోగం నాకిచ్చారు, కర్నూలులో ఆరోగ్యశాఖ ఆఫీసులో. పల్లెల ఆసుపత్రుల వాళ్లు జ్వరాలెన్ని, వాంతులు విరేచనాలెన్ని అని ఫోన్లో చెబితే రాసుకుని, కూడి, పైకి పంపడం నా పని. పంపినవి పైన ఎవరైనా చూస్తారా అని ఒకసారి అడిగితే అందరూ నవ్వారు. ఆ నవ్వుకు ఒళ్లు మండే, వేరే రాష్ట్రం యూనివర్సిటీలో పబ్లిక్ హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ అనే పీజీలో చేరాను. పాఠాలన్నీ ఆన్‌లైన్‌లోనే. రోగాల లెక్కలను కంప్యూటరుకెక్కించి, ఏ ఊళ్లో ఏది ముదురుతోందో ముందే పసిగట్టడం ఎలాగో నేర్పే చదువది. రెండేళ్లు చదివి, డోన్ చుట్టుపక్కల పల్లెల్లో ఎండాకాలం విరేచనాలు ఎక్కడెక్కడ వస్తున్నాయో పటం గీస్తే, అన్నీ ఒకే బావి దగ్గర నీళ్లు నింపుకునే ట్యాంకరు వెళ్లే ఊళ్లే అని తేలింది. తీసుకెళ్లి మా ఆఫీసరు ముందు పెట్టాను. పట్టా వచ్చాక మాట్లాడమ్మా అన్నాడు ఆ మహానుభావుడు, పటం వైపు చూడకుండానే.

సరే, పట్టాకు మిగిలింది చివరి మౌఖిక పరీక్ష ఒక్కటే, వెబ్‌క్యామ్ ముందు. అప్పుడు నేను కర్నూలు పక్కనే ఉన్న కల్లూరులో, ఈ పెద్దన్న ఇంట్లోనే ఒక పోర్షన్‌లో ఉండేదాన్ని. నెట్ సెంటర్ నడిపే భాయ్ మంచివాడు, కరెంటు పోతుందేమోనని ఆ రోజు జనరేటర్లో డీజిల్ పోయించి పెట్టాడు. తెర మీదికి ఇద్దరు ప్రొఫెసర్లు వచ్చారు. ట్యాంకరు సంగతి వివరిస్తుంటే వాళ్లు ముందుకు వంగి వింటున్నారు. ఇంతలో సర్రున పరదా లాగేసి మా అన్న నిలబడ్డాడు. మీ చెల్లెలు పరదా వెనక ఎవరో మగాళ్లతో మాట్లాడుతోందని ఎవడో అంగడికి వెళ్లి మోశాడట.

"ఏం చేస్తాండావు ఈడ? లెయ్."

"పరీక్ష జరుగుతాందన్నా. పది నిమిషాలాగు, అయిపోతాది."

"పరీక్షలు బడిలో రాస్తారు, పరదా ఎనక కాదు."

అని వంగి, వైరు పట్టుకుని గోడ నుంచి పీకేశాడు. తెర నల్లబడింది. భాయ్ పరుగున వచ్చి, నిజంగా పరీక్షేనని ఎంత మొత్తుకున్నా వినలేదు. షేర్ ఆటోలవాళ్లంతా చూస్తుండగా ఆయన వెనకే తల దించుకుని ఇంటికి నడిచాను. ఎందుకు నడిచానా అని ఇప్పటికీ కడుపు మండుతుంది.

మధ్యలో ఆగిన పరీక్ష చెల్లదని, మళ్లీ వచ్చే ఏడు రావాలని యూనివర్సిటీవాళ్లు తేల్చేశారు. ఇక నెట్ సెంటరుకు వెళ్తే అమ్మను వెంటపెట్టుకుని వెళ్లాలని మా అన్న షరతు పెట్టాడు. పాపం, మోకాళ్ల నొప్పులతో అమ్మ ఆ మెట్లెక్కి, పరదా పైకి కట్టించి, స్టూలు మీద కాపలా కూర్చునేది. అక్కడ చదువు తప్ప ఏమీ లేదని కళ్లారా చూసింది. కొడుకుతో మాత్రం ఆ ఒక్క ముక్కా చెప్పలేదు. అమ్మ పోయి ఇన్నేళ్లయినా ఆ సంగతి తలుచుకుంటే కోపం వస్తుంది, కోపం వచ్చినందుకు ఏడుపూ వస్తుంది.

మరుసటి ఏడు పాసయ్యాను. పట్టా చూసి ఆఫీసరు పటమూ చూశాడు, ట్యాంకరులో ఆ బావి నీళ్లు నింపడం మాన్పించారు. కానీ మధ్యలో ఒక ఎండాకాలం గడిచింది. మళ్లీ అదే ట్యాంకరు, అవే ఊళ్లు. పిల్లలు, ముసలివాళ్లు ఎంతమంది మంచాన పడ్డారో ఫోన్లో చెబుతుంటే రాసుకున్నదాన్ని నేనే.

మొన్న పరీక్ష బాగా చేశానని మనవరాలు ఎగిరి గంతేస్తుంటే, మా అన్న అందరికీ మిఠాయి పంచాడు. పక్కకు పిలిచి, కల్లూరు నెట్ సెంటరు గుర్తుందా అని అడిగాను. మిఠాయి డబ్బాకు మూత పెడుతూ, "గుర్తుండాదిలేమ్మా. ఆ కాలం అట్లాంటిది, ఏం చేస్తాం" అన్నాడు.

నిజమే, పరదాలు పోయాయి, ఆ నెట్ సెంటర్లూ మూతపడ్డాయి, ఆడపిల్లలు నట్టింట్లో కూర్చుని ఎక్కడెక్కడి వాళ్లతోనో మాట్లాడుతూ చదువుకుంటున్నారు. సంతోషమే, ఆ పిల్లను మనసారా దీవించే వచ్చాను. కానీ మన తరంలో ఎవరిని కదిపినా ఇదే మాట, అంతా కాలం చేసిందని. ఆ రోజు వైరు పీకింది కాలం కాదు, మా అన్న చెయ్యి. నేను పక్కనే కూర్చుని చూశాను.