మంజుల విజిల్ ఊదితే ఆగాల్సిందే

2001వ సంవత్సరం. హోసూరులో బాగలూరు రోడ్డు పక్క సందులో మూడు గదుల పెంకుటిల్లు. నడవలేని పిల్లల కోసం ఒక ట్రస్టువాళ్ళు దాన్ని బాడుగకు తీసుకుని సెంటర్‌గా నడిపేవాళ్ళు. నేను అక్కడ ఫిజియోథెరపిస్టుని. ఆ పేరుకు నోరు తిరగక చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నన్ను 'కాళ్ళ డాక్టరమ్మ' అనేవాళ్ళు. లోకంలో ఎవరైనా పని కావాలంటే ఇంకొకరి కాళ్ళు పట్టుకుంటారు. నాకు కాళ్ళు పట్టుకోవడమే పని, పైగా దానికి జీతం.

అప్పటి హోసూరు వేసవిలో కూడా ఫ్యాను వేసుకోవాలా వద్దా అని ఆలోచించే ఊరు. పొద్దున బేరిగై బస్సు వచ్చి ఆగితే మనుషుల కంటే ముందు గులాబీల వాసన దిగేది. సీట్ల కింద, టాపు మీద పూల బుట్టలే. ఆ బుట్టల మధ్యలోంచి గౌరమ్మ తన కూతుర్ని చంకనేసుకుని దిగేది. గౌరమ్మ గులాబీ తోటలో కూలి చేసేది, ఆమె మొగుడు గొర్రెలు మేపేవాడు. బేరిగై అవతల చిన్న పల్లె వాళ్ళది.

కూతురి పేరు మంజుల. ఆరేళ్ళు. పుట్టినప్పుడు ఊపిరి అందడం ఆలస్యమై, మెదడులో కండరాలను అదుపు చేసే చోటు దెబ్బతినింది. దీన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారు. తెలివికి లోటు లేదు, మాటకు అసలే లేదు. కాళ్ళు మాత్రం బిగుసుకుపోయి ఉండేవి. ఆ బిగుతును స్పాస్టిసిటీ అంటాం. అమ్మ పట్టుకుంటే ఎండకు కాగిన బండ మీద నడిచినట్టు మునివేళ్ళ మీద నాలుగడుగులు వేసేది. మడమ నేలకు ఆనేది కాదు.

కృష్ణగిరిలో జరిగిన క్యాంపులో ఎముకల డాక్టరు చూసి తేల్చి చెప్పేశాడు. ఈ మడమ వెనక నరం ఇంకా కురచ అయ్యేలోగా ఏ.ఎఫ్.ఓ. తొడగాలి, లేదంటే ఆపరేషనే. ఏ.ఎఫ్.ఓ. అంటే పాదం అడుగు నుంచి మోకాలి కింద దాకా కాలిని సరైన కోణంలో పట్టి ఉంచే ప్లాస్టిక్ తొడుగు. అంగట్లో చెప్పులు కొన్నట్టు కొనేది కాదు. ఒక్కొక్క కాలికీ అచ్చు తీసి చేయాలి. తడిపిన ప్లాస్టర్ బట్ట కాలికి చుట్టి, కొద్ది నిముషాల్లో అది గట్టిపడగానే ముందు వైపు కోసి, గుల్లలాగా ఊడదీయాలి.

మంజులకు ఆ అచ్చే అచ్చిరాలేదు. మూడేళ్ళప్పుడు ఏదో పెద్ద ఊరి ఆస్పత్రిలో రెండు కాళ్ళకూ మావుకట్టు, అంటే ప్లాస్టర్ కట్టు వేసి, కొన్నాళ్ళకు మిషన్ రంపంతో కోసి తీశారట. ఆ రంపం పళ్ళు తిరగవు, ఉత్తగా అదురుతాయి. గట్టి కట్టును కోస్తాయి గానీ చర్మాన్ని ఏమీ చేయవు. ఆ సంగతి మనకు తెలుసు, మూడేళ్ళ పిల్లకు ఎవరూ చెప్పలేదు. నలుగురు పెద్దవాళ్ళు అదిమి పట్టుకున్నారు. వాళ్ళలో గౌరమ్మ ఒకామె.

"తలకాయ పక్క నువ్వు పట్టుకోమ్మా అన్నారు, పట్టుకొన్నాను. నా మొగం చూస్తానే అరిచింది," అని గౌరమ్మ నాకు చెప్పింది.

అప్పటినుంచి పాదం మీద ఎవరి చెయ్యి పడినా మంజుల వాంతి చేసుకునేది. తెల్ల కోటు కనిపిస్తే తలుపు దగ్గరే కాళ్ళు కత్తెరలాగా మెలిపడేవి. ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. స్పాస్టిసిటీ ఉన్న కండరం భయపడితే ఇంకా బిగుస్తుంది. అంటే భయం ఆ పిల్ల మనసులోనే కాదు, మడమలోనూ ఉంది. బలవంతంగా అచ్చు తీస్తే కాలి అచ్చు రాదు, భయం అచ్చు వస్తుంది. ఆ తొడుగు కాలికి సరిపోదు, పుండ్లు పడతాయి. తొడుగు లేకపోతే ఆపరేషను. ఆపరేషనంటే మళ్ళీ అదే ఆస్పత్రి, అదే కట్టు, అదే రంపం.

తెల్ల కోటు మొదటి రోజే మేకుకు తగిలించాను. దాని మీద నాకంత మోజూ లేదు. అది వేసుకున్నా నన్ను పాలు పోయడానికి వచ్చినామె అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. కోటు పోయింది గానీ భయం పోలేదు. రెండు నెలలు నేను ఆ పిల్ల పక్కన చాప మీద కూర్చుని కబుర్లు చెప్పడం తప్ప చేసిన వైద్యం లేదు. కాళ్ళు ఆడించడం నా ఉద్యోగమైతే, నాకే కాళ్ళూ చేతులూ ఆడలేదు.

దారి చూపింది శెల్వి. మా సెంటర్లో స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ఇలాంటి పిల్లలకు వాళ్ళ వీలును బట్టి చదువు చెప్పే టీచరు. తమిళావిడ. మంజుల ఆడుకునేటప్పుడు ఎప్పుడూ భుజానికి ఒక సంచి తగిలించుకుని, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని విజిల్ ఊదినట్టు నటిస్తోందని ఆమె గమనించి, గౌరమ్మను అడిగింది. గౌరమ్మ నవ్వింది. బస్సులో కండక్టరు ఈ పిల్లను తన సీట్లో కూర్చోబెట్టుకుంటాడట. వాళ్ళ ఊరి స్టాపు రాగానే విజిల్ ఈమెకిస్తాడట.

"బండి నిలిచేది దీని విజిల్‌కే టీచరమ్మా. డ్రైవరప్ప కూడా అలవాటు పడిపోయినాడు," అంది గౌరమ్మ.

ఆ సాయంత్రం మేము ముగ్గురం చాప మీద కూర్చుని మాట్లాడుకున్నాం. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని వైద్యం ఎలా చేయాలో ఆలోచించడం ఆ రోజుల్లో మామూలు పద్ధతి కాదు. తల్లులకు చేయాల్సింది చెప్పి పంపేవాళ్ళం. గౌరమ్మ మొదట గోడకు ఆనుకుని దూరంగానే కూర్చుంది. శెల్వి తన సగం తమిళం సగం తెలుగులో ఒకటే మాట అంది. అంత పెద్ద బస్సు ఆ పిల్ల విజిల్‌కు ఆగుతుంటే, మన చేతులు ఆగడానికి ఏం రోగం?

బస్టాండు దగ్గర ఒక విజిల్ కొన్నాం. ఎర్ర తాడు కట్టి మంజుల మెడలో వేశాం. ఒకసారి ఊదితే ఆపాలి. రెండుసార్లు ఊదితే రైట్, పోవాలి. తమిళం, తెలుగు, కన్నడం మూడూ వినపడే మా సెంటర్లో అందరికీ అర్థమయ్యే భాష అదొక్కటే. నేను రోజూ బస్సెక్కే మనిషిని. విజిల్ పడితే డ్రైవరు బ్రేకు వేస్తాడే తప్ప ఎందుకని వెనక్కి తిరిగి అడగడు. మేమూ అడగకూడదని నియమం పెట్టుకున్నాం.

మొదటి రోజంతా ఊదుతూనే ఉంది. నా చెయ్యి ఆమె కాలి వైపు పోతే ఒక విజిల్, నేను తుమ్మితే ఒక విజిల్. ఒకసారి ఆమె మోకాలు ఎలా వంచాలో నా కాలితోనే చూపిస్తుండగా ఊదింది. నేను ఒంటికాలి మీద కొంగలాగా నిలబడిపోయాను. రెండు విజిళ్ళు వినపడేదాకా కాలు దించడానికి లేదు. చూసినవాళ్ళు ఎవరు ఎవరికి వైద్యం చేస్తున్నారో తెలియక తికమకపడి ఉంటారు. కానీ ఆ వారంలోనే మొదటిసారి తన పాదాన్ని తనే నా అరచేతిలో పెట్టింది. మడమ కొంచెం కిందికి వదిలింది. నేను ఊపిరి బిగబట్టాను. ఎవరో ఒకరు బిగుసుకోవాలి కదా.

అచ్చు తీసే రోజు వచ్చింది. అచ్చు తీసేది వేలు సార్. ఆయన ఆర్థోటిస్టు, అంటే కాలికి కట్టే ఇనుప కాలిపర్లు, తొడుగులు చేసే నిపుణుడు. కృష్ణగిరి నుంచి నెలకొకసారి వచ్చేవాడు. ఓర్పున్న మనిషే. విజిల్ సంగతి విని గడ్డం గోక్కున్నాడు.

"మీ చేతులు విజిల్ వింటాయి మేడమ్. ప్లాస్టర్‌కు చెవులు లేవు కదా. తడిసినాక దాని టైముకు అది గట్టి పడిపోతాది. నడుమ ఆపితే పారేయడమే. నా దగ్గర రెండు కాళ్ళకు సరిపోయే చుట్టలే ఉండాయి," అన్నాడు.

అదీ నిజమే. అయినా కట్టు కట్టే ముందు మాటకు కట్టుబడాలి కదా అన్నాను. ఆయన నవ్వలేదు. నా ఛలోక్తులకు ఆయన ఎప్పుడూ నవ్వడు. సరే చూద్దాం అన్నాడు.

ముందు మంజుల నా వేలికి ప్లాస్టర్ ముక్క చుట్టింది. అది గట్టిపడ్డాక వేలు సార్ దాన్ని చిన్న కత్తెరతో కత్తిరించి తీశాడు. రంపం లేదని, తన సంచి తలకిందులు చేసి చూపించాడు. మంజుల ఆ సంచిలోకి తొంగి చూసి, ఇంకా నమ్మకం లేక చెయ్యి పెట్టి వెతికి, అప్పుడు రెండుసార్లు ఊదింది. గౌరమ్మ వెనక కూర్చుంది. వేలు సార్ గోరువెచ్చని నీళ్ళలో బట్ట ముంచి కుడికాలికి చుట్టడం మొదలుపెట్టాడు. నేను పాదాన్ని సరైన కోణంలో పట్టుకున్నాను. పాదం మెత్తగా ఉంది. అంత మెత్తటి పాదం ఆ పిల్లకు ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

చుట్టడం సగానికి వచ్చింది. ఒక విజిల్.

మా అందరికీ ఒక్కసారే తెలిసింది, అలవాటు చేతుల్లో ఎంత లోతుగా ఉంటుందో. వేలు సార్ చెయ్యి ఆగలేదు, ఒక్క నిముషం పాపా అంటూనే ఉన్నాడు. గౌరమ్మ రెండు చేతులూ మంజుల భుజాల మీదికి వచ్చేశాయి. శెల్వి అప్పటికే మోకాలి దగ్గర వంగింది. ఎవరూ కోపంతో లేరు. అందరూ ప్రేమతోనే పట్టుకోబోయారు. ఆ పెద్దాస్పత్రిలో నలుగురూ కూడా అలాగే పట్టుకుని ఉంటారు.

నా చేతిలో పాదం బిగుసుకోవడం మొదలైంది.

"వేలు సార్, బస్సు ఆపండి," అన్నాను.

ఆయన నావైపు చూశాడు. తర్వాత చేతులు తీసేశాడు. గౌరమ్మ చేతులు మంజుల భుజాల మీంచి లేచి, మెల్లగా తన ఒళ్ళోకి దిగాయి. వేలు సార్ తడి బట్ట చుట్లు మళ్ళీ విప్పి బక్కెట్లో పడేశాడు. ఒక కాలికి సరిపోయే సరుకు అక్కడికి సరి. నియమం ప్రకారం ఎందుకని అడగకూడదు, అందుకని అడగనూ లేదు. వేలు సార్ చేతులు కడుక్కుని తుడుచుకున్నాడు. ఆయన ఇక సంచి సర్దుకుంటాడనే అనుకున్నాను.

మంజుల బక్కెట్లోకి చూసింది. తన కాలు చూసుకుంది. అమ్మ చేతులు చూసింది. తర్వాత తనే చెప్పింది.

"ఊరికే ఊదినాను."

"ఊరికేనా?" అన్నాడు వేలు సార్.

"నిలుస్తారా లేదా అని."

వేలు సార్ నవ్వాడు. నా మాటలకు ఇన్నేళ్ళలో నవ్వని మనిషి, బల్ల అంచు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు ఇంకా పూర్తికాక ముందే రెండు విజిళ్ళు పడ్డాయి.

మిగిలిన చుట్టతో కుడికాలి అచ్చు తీశాం. మంజుల విజిల్ నోట్లోనే పెట్టుకుని ఉంది గానీ ఊదలేదు. కత్తిరించేటప్పుడు ఒక్కసారి ఊదింది. ఆగాం, గోడ మీది బల్లిని కాసేపు చూసింది, మళ్ళీ రైట్ ఇచ్చింది. గుల్ల ఊడివచ్చినప్పుడు మడమ ఆకారం చక్కగా, కిందికి దిగి ఉంది. అది కాలి అచ్చు, భయం అచ్చు కాదు.

సాయంత్రం వాళ్ళతో పాటు నేనూ బస్సు కోసం నిలబడ్డాను. బస్సు మలుపు తిరుగుతుండగా గౌరమ్మ అంది, "ఆ పొద్దు ఆడ ఒకరన్నా ఇట్ల నిలిపింటే బాగుండు డాక్టరమ్మా. నేనన్నా నిలిపింటే." ఆ పొద్దు ఆమెకు కూడా ఎవరూ విజిల్ ఇవ్వలేదని నాకు తర్వాత ఎప్పుడో తోచింది, అప్పటికి బస్సు వెళ్ళిపోయింది.

ఎడమకాలి అచ్చు నెల తర్వాత తీశాం. తొడుగులు వేసుకుని, వాకర్ పట్టుకుని మంజుల మడమలు ఆనించి నిలబడింది. దీపావళి దాటాక కృష్ణగిరి డాక్టరు మళ్ళీ చూసి, ఆపరేషను మాట ఇప్పుడు వద్దు, తొడుగులు మాత్రం విడవొద్దు అన్నాడు. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి కష్టపడింది. కథల్లోలాగా పరుగెత్తలేదు. ఊరి బడికి తన కాళ్ళతో పోయింది, అది చాలు.

చాలా ఏళ్ళకు, ఒక శిక్షణలో మమ్మల్ని కూర్చోబెట్టి, ప్రొజెక్టరు మీద 'ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్ కేర్' అని చూపించారు. పాత దెబ్బను గుర్తుపెట్టుకుని, పిల్లల చేతికీ తల్లిదండ్రుల చేతికీ పగ్గాలిచ్చి వైద్యం చేయడం అని వివరించారు. పక్కన కూర్చున్న వేలు సార్ నా చెవిలో, మన విజిల్‌కు ఇంగ్లీషు పేరు పెట్టినారు మేడమ్ అన్నాడు. నేను నవ్వాను. బాకీ తీర్చుకోవాలి కదా.

ఆ పిల్ల దగ్గర నేను నేర్చుకున్నది ఇది. వద్దు అన్న మాట చెల్లే చోటే సరే అన్న మాటకు విలువ. దానికి సమయం పడుతుంది, సరుకు పోతుంది. పోయే సరుకును ముందే వైద్యంలో భాగంగా కలుపుకోవాలి. మంజుల ఎడమకాలికి అచ్చు తీసిన నెలనుంచి వేలు సార్ కృష్ణగిరి నుంచి వచ్చేటప్పుడు అవసరానికి మించి ఒక ప్లాస్టర్ చుట్ట తెచ్చేవాడు. ఇదెవరికి సార్ అని అడిగితే, ఊరికే ఊదేవాళ్ళకు అనేవాడు. ఎన్నోసార్లు అది విప్పకుండానే కృష్ణగిరికి తిరిగిపోయింది. కానీ అది సంచిలో ఉందని తెలిస్తే మా చేతులకు తొందర ఉండేది కాదు. మా చేతులకు తొందర లేనప్పుడు పిల్లల కాళ్ళు బిగుసుకునేవి కావు.