వాత పెట్టిన చోటు

తెలంగాణ ఏర్పడిన మరుసటి ఏడు, జూన్ మొదటి వారంలో, రెంజల్ దగ్గరి ఒక ఊరి పశువైద్యశాలలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ మీద చేరాను. పేరులో అసిస్టెంట్ ఉన్నా అక్కడ డాక్టరును నేనొక్కణ్ణే. నా కింద లైవ్‌స్టాక్ అసిస్టెంట్ గంగారాం ఉండేవాడు. ఆయన సూదులు వేస్తాడు, కట్లు కడతాడు. రోగం పేరు చెప్పే అధికారం మాత్రం ఆయనకు లేదు. ఆ తేడాను అప్పట్లో నేను కాస్త ఎక్కువే పాటించేవాణ్ణి.

బోధన్ చుట్టుపక్కల చెరకు తగ్గి వరి పెరుగుతున్న రోజులవి. చాలా ఇళ్లలోకి సంకరజాతి ఆవులు వచ్చాయి. పాలు బాగా ఇస్తాయి గానీ గోమార్ల జ్వరానికి తట్టుకోలేవు. గోమారి అంటే పశువు చర్మాన్ని పట్టుకుని రక్తం తాగే పురుగు. దాని కాటుతో థైలీరియా అనే పరాన్నజీవి ఒంట్లోకి దిగుతుంది.

ఆ జ్వరాన్ని పట్టిచ్చేది జబ్బ ముందుండే లింఫు గ్రంథి. ఆరోగ్యంగా ఉన్న ఆవులో అది చర్మం కింద ఎండు ఖర్జూరంలా వేళ్లకు తగిలి జారిపోతుంది. రోగక్రిములను గుర్తుపట్టి పోరాడే లింఫోసైట్లు అనే తెల్లకణాలకు అది ఠాణా. థైలీరియా వచ్చి నేరుగా ఆ కణాల్లోనే కాపురం పెడుతుంది, వాటిని పెంచుతూ తానూ పెరుగుతుంది. దాంతో గ్రంథి కోడిగుడ్డంత, ఒక్కోసారి పిడికిలంత ఉబ్బుతుంది. ఊళ్లో దాన్ని బిళ్ల కట్టిందంటారు.

ఇప్పుడు రిటైరై నిజామాబాద్‌లో ఉంటున్నాను. రోడ్డు మీద ఆవు కనిపిస్తే ఇప్పటికీ నా చెయ్యి దాని జబ్బ ముందుకే లాగుతుంది. ఆ పని మీద నాకింత బెంగ ఉందని ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తెలియలేదు.

చేరిన నెలలోనే ఒక రోజు సాయవ్వ అనే ఆమె తన ఆవును తోలుకొచ్చింది. కూలికి పోతూ పెయ్యగా ఉన్నప్పటి నుంచి పెంచుకున్న ఆవు. తొలిచూలు ఈని నెలైంది. ఆ ఇంటికి ఆధారం దాని పాలే. రెండు రోజులుగా జ్వరం, మేత ముట్టడం లేదు. ఎడమ జబ్బ ముందు కొడవలి కాల్చి పెట్టిన వాత, దాని కింద వాపు. వాత చూడగానే నాకు ఒళ్లు మండింది.

"ఎవరు పెట్టమన్నరవ్వా గీ వాత? నోరు లేని జీవం గదా!" అన్నాను.

"బిళ్ల కట్టింది సారూ. మా అవ్వ గిట్లనే వెడుతుండె," అంది తల వంచుకుని.

గంగారాం ఆవుకు కుడివైపున నిలబడి ఉన్నాడు. "సార్, జర ఇటుపక్క గూడ చెయ్యి వెట్టి సూడుండ్రి," అన్నాడు. ఆ రోజు గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించే రోజు. బయట రెండు మందలు నిలబడి ఉన్నాయి. "వాపు ఎందుకొచ్చిందో కనబడుతనే ఉంది గదా," అని ఆయన మాట కొట్టేశాను. ఓపీ రిజిస్టరులో 'కాలిన పుండు, జ్వరం' అని రాసి, పుండుకూ జ్వరానికీ మందులిచ్చి పంపేశాను.

మర్నాడు ఆవు లేవడం లేదని కబురొచ్చింది. గంగారాం, నేను ఆమె ఇంటికి పోయాం. కంటి లోపలి పొర మీద ఎర్రటి రక్తపు చుక్కలు, ఆయాసం. అప్పుడు కుడిపక్కకు పోయి చెయ్యి పెట్టాను. అక్కడ వాత లేదు. గ్రంథి పిడికిలంత ఉంది.

సూదితో దాన్లోంచి చుక్క తీసి, గాజుపలక మీద పరిచి, వైద్యశాలకు తెచ్చి రంగు వేసి మైక్రోస్కోపులో చూశాను. లింఫోసైట్ల లోపల నీలి మచ్చలు. అది గోమార్ల జ్వరమే. దానికి అసలైన సూది ఉంది, అయితే ముందుగా పడాలి. వెంటనే వెళ్లి వేశాను. తెల్లవారి మేమిద్దరం మళ్లీ వెళ్లేసరికి ఆవు చనిపోయి ఉంది.

"నేనే సంపుకున్న సారూ. వాత వెట్టకుంటే బతుకుతుండె," అని సాయవ్వ ఏడ్చింది. కాదవ్వా అనే మాట నా గొంతు దాకా వచ్చింది. అది చెబితే ఆ వెంటనే నా తప్పు చెప్పాలి. ఊరుకున్నాను. ఈలోగా గంగారాం ఎవరూ అడగకుండానే కొట్టంలోని పెయ్యదూడ జబ్బలు రెండూ తడిమి చూస్తున్నాడు. దానికీ బిళ్ల మొదలైంది. ఈసారి ఆయన చెప్పగానే విన్నాను. సూది వేళకు పడింది, దూడ బతికింది.

గంగారాం ఇప్పుడు లేడు. ఆయన పక్కన నిలబడి ఇంకొక్క పశువును చూడాలని, "సార్" అని ఆయన మొదలుపెట్టిన మాట పూర్తయ్యేదాకా ఆగాలని చాలా ఉంటుంది.

కిందటేడు ఉండబట్టలేక సాయవ్వ ఇంటికి వెళ్లాను. ఆ దూడ పెద్దదై, దానికి పుట్టిన పెయ్య కూడా ఈనింది. ఆవు చనిపోయింది వాత వల్ల కాదని, వాతను చూసి నేను రోగాన్ని చూడలేదని చెప్పాను. 

"గీ ముచ్చట గప్పుడే చెప్తే ఏమైతుండె సారూ? గప్పటిసంది ఆవును తడిమి సూసుడే బందు వెట్టిన. నా చెయ్యి మంచిది గాదనుకున్న," అంది.

వాత పెట్టడం తప్పే, దాన్ని ఈనాటికీ సమర్థించను. అయితే ఆ వాత సరిగ్గా గ్రంథి మీద పడింది. రోగం ఉన్న చోటును ఆమె వేళ్లు నాకంటే ముందే కనిపెట్టాయి. కొత్తగా చేరిన డాక్టర్లు ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను: వాత కనబడితే, అక్కడే ఎందుకు పెట్టారో ముందు అడగండి. తర్వాత ఆవుకు అవతలి పక్కకు నడవండి.