నీటికాకుల్ని తోలిన నల్లోడు

నిన్న కృత్తివెన్ను మీదుగా వెళ్తుంటే, చేపల చెరువుల మీద పక్షులు వాలకుండా కట్టిన వలలు కనిపించాయి. మన చిన్నప్పుడు ఇవెక్కడివి? గట్టు మీద కుక్క ఉండేది, గుర్తుందా?

మా తాతయ్య చెరువుకి కాపలా నల్లోడనే కుక్క. ఒంటి నిండా చేపల మేతకి తడిపిన తవుడు వాసనతో గట్టంతా పరిగెత్తి నీటికాకుల్ని తోలేవాడు. ముసలితనంలో వాడికి చెవులు పోయాయి, చూపూ మందగించింది. పక్షులు పక్కనే వాలినా తెలిసేది కాదు. మావయ్య కొత్త కుక్కపిల్లని తెస్తానంటే తాతయ్య ఒప్పుకోలేదు.

"వీడుండగా ఇంకోదాన్ని తెస్తే చిన్నబుచ్చుకుంటాడ్రా" అన్నాడు.

అప్పట్నుంచీ తాతయ్యే డాల్డా డబ్బా మీద కర్రతో వాయించేవాడు. పక్షులన్నీ ఒక్కసారిగా లేచేవి. ఆ రెక్కల గాలి తగిలాక నల్లోడు మెల్లగా లేచి, ఆకాశం వైపు చూసి మొరిగేవాడు. "బాగా తోలావురా" అంటూ తాతయ్య వాడి వీపు నిమిరేవాడు. వాడికి వినపడదని తెలిసినా రోజూ ఆ మాట అనేవాడు.

ఒక వానాకాలం పొద్దున నల్లోడు లేవలేదు. గట్టు మీదే పూడ్చారు. ఏనాడూ వాణ్ణి గడప తొక్కనివ్వని అమ్మమ్మ, తన పాత చీర తెచ్చి కప్పింది.

మర్నాడు క్యారేజీ పట్టుకుని అమ్మమ్మతో నేనూ చెరువుకి వెళ్లాను. నీళ్ల నిండా నీటికాకులు. తాతయ్య ఊరికే చూస్తూ కూర్చున్నాడు.

"ఏవండీ, చేపల్ని తినేస్తున్నాయండీ" అంది అమ్మమ్మ.

"తెలుసే. ఈ ఒక్క పూటా తిననీ."

అమ్మమ్మ వెళ్లి తాతయ్య పక్కన కూర్చుంది.